కిడ్నీ తీసుకున్నాక మా ఫైలు ఎక్కడ పెట్టారు?

ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లకు, కోఆర్డినేటర్లకు ఒక దాత రాస్తున్న బహిరంగ లేఖ

అందరికీ నమస్కారం.

నేను మా తమ్ముడికి కిడ్నీ ఇచ్చినదాన్ని. ఇచ్చినందుకు బాధపడుతూ రాస్తున్న ఉత్తరం కాదిది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా. వాడు డయాలసిస్ మానేసి శుభ్రంగా ఉద్యోగానికి వెళ్తున్నాడు, మళ్ళీ అడిగినా ఇస్తాను (ఇవ్వడానికి ఇంకోటి లేదు కాబట్టి ఈ మాట అనడం తేలికే అనుకోండి). నా గొడవ వేరే. ఆపరేషన్‌కి ముందు నా రక్తం, మూత్రం, గుండె, ఊపిరితిత్తులు, ఆఖరికి నా మనసు కూడా పరీక్ష చేసి, అన్నీ భేషుగ్గా ఉన్నాయని తేల్చి, ఇంత లావు ఫైలు తయారు చేశారు కదా. కిడ్నీ బయటికొచ్చాక ఆ ఫైలు ఏమైంది? దాన్ని మళ్ళీ తెరిచినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

తమ్ముడి చెకప్‌కి ఇప్పటికీ నేను తోడు వెళ్తుంటాను. డాక్టరుగారు వాడి మందుల లెవెల్ చూస్తారు, క్రియాటినిన్ (కిడ్నీ వడపోత తగ్గితే రక్తంలో పెరిగే అంకె) చూస్తారు, అది 1.2 దగ్గర కదలకుండా ఉంటే ఆయన మొహం వెలిగిపోతుంది. వాడి చేతికి బీపీ పట్టీ చుట్టి, రీడింగ్ రాసుకుని, పట్టీ విప్పి టేబుల్ మీద పెడతారు. దానికీ నా చేతికీ మధ్య జానెడు దూరం కూడా ఉండదు. అప్పుడు నా వైపు తిరిగి "మీరు బాగానే ఉన్నారు కదమ్మా?" అంటారు. అలా అడిగితే బాగోలేదని ఎవరంటారు? "ఆఁ, బాగున్నానండీ" అంటాను, అయిపోతుంది. నా ఫాలోఅప్ మొత్తం అదే. వాడి ఒంట్లో ఉన్న నా కిడ్నీ ఎలా పనిచేస్తోందో మీకు పాయింట్లతో సహా తెలుసు, నా ఒంట్లో మిగిలినదాని సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

ఇది ఒక్క ఆసుపత్రి మీద ఫిర్యాదు కాదు, అందుకే పేరు రాయడం లేదు. నాకు తెలిసిన దాతలు చాలామంది వేరే వేరే చోట్ల ఇచ్చారు, వాళ్ళందరి కథా ఇంచుమించు ఇదే. కుట్లు మానేదాకా చూశారు, ఒకటి రెండుసార్లు టెస్టులు చేశారు, "ఇక మీరు మామూలు మనిషే" అని పంపించేశారు.

ఆ "మామూలు మనిషి" దగ్గరే నాకు పేచీ. ఒక కిడ్నీతో హాయిగా బతకొచ్చని మీరు చెప్పింది అబద్ధమని నేను అనడం లేదు. ఒకటి తీసేయగానే వడపోత సగానికి పడిపోతుంది, తర్వాత కొన్ని వారాల్లో, నెలల్లో మిగిలిన కిడ్నీకి రక్తం ఎక్కువగా వెళ్ళి, అది కాస్త పెరిగి, తన వాటాకి మించి పనిచేయడం మొదలుపెడుతుంది. చివరికి ఇవ్వకముందు ఉన్నదాంట్లో 65 నుంచి 70 శాతం దగ్గర నిలబడుతుంది. రోజువారీ బతుక్కి అది ధారాళంగా సరిపోతుంది, మెట్లెక్కినా, బరువులెత్తినా, రాత్రింబవళ్ళు పనిచేసినా ఏ తేడా తెలియదు. పైగా ఏ జబ్బూ తగులుకోకపోతే ఆ 65 రెండు కిడ్నీలున్నవాళ్ళ కంటే వేగంగా పడిపోతుందని కూడా ఏమీ లేదు, మొదటి కొన్నేళ్ళు అది కొద్దిగా పెరిగినట్టు కూడా చూశారు. ఇక్కడిదాకా మీరూ నేనూ ఒకే మాట మీద ఉన్నాం.

కానీ చాలడం వేరు, తేడా లేకపోవడం వేరు. రేపు నాకు షుగరో బీపీయో వచ్చి కిడ్నీని తినడం మొదలుపెడితే, 100 నుంచి కిందికి దిగేవాళ్ళ కంటే 65 నుంచి దిగే నేను ముందు అడుగంటుతాను. దీనికి డాక్టరీ చదవక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు. ఈ ఒక్క ముక్క సంతకం పెట్టేముందు ఇలా విడమరిచి చెప్పి ఉంటే ఇన్నేళ్ళూ బీపీ చూపించుకోవడంలో ఇంకాస్త శ్రద్ధగా ఉండేవాళ్ళం మేము.

ఇక అంకెల సంగతి. "దాతలకి కిడ్నీ చెడిపోయే అవకాశం మామూలు జనం కంటే ఎక్కువేమీ లేదు" అని దాదాపు ప్రతి కౌన్సెలింగ్‌లోనూ చెబుతారు. దాని వెనక ఉన్నది ముఖ్యంగా 2009లో అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన అధ్యయనం. 1963 నుంచి 2007 దాకా అక్కడ కిడ్నీ ఇచ్చిన 3,698 మందిని చూశారు, ఆయుష్షులోనూ కిడ్నీ ఫెయిల్యూర్‌లోనూ మామూలు జనం కంటే వాళ్ళు అధ్వాన్నంగా ఏమీ లేరని తేలింది. సంతోషమే. కాకపోతే మామూలు జనంలో షుగర్ ఉన్నవాళ్ళున్నారు, ఏళ్ళ తరబడి బీపీ మాత్ర వేసుకోనివాళ్ళున్నారు, మూత్రంలో ప్రొటీన్ పోతున్నా తెలియనివాళ్ళున్నారు. మమ్మల్నేమో జల్లెడ పట్టి, చిన్న లోపం ఉన్నా పక్కన పెట్టేసి, గట్టివాళ్ళని ఏరుకున్నారు. అంత ఏరి తెచ్చినవాళ్ళు మామూలు జనంతో సమానంగా ఉన్నారంటే, అది శుభవార్తా లేక మేమేదో పోగొట్టుకున్నామని చెప్పే వార్తా?

ఆ ప్రశ్న 2014లో రెండు అధ్యయనాలు సూటిగా అడిగాయి. అమెరికాలో 1994 నుంచి 2011 మధ్య ఇచ్చిన 96,217 మంది దాతల్ని, వాళ్ళంత ఆరోగ్యంగానే ఉండి ఇవ్వనివాళ్ళతో పోల్చి చూశారు. 15 ఏళ్ళలో కిడ్నీ పూర్తిగా ఫెయిలయ్యే అవకాశం దాతల్లో పదివేలకి 30.8, ఇవ్వని ఆరోగ్యవంతుల్లో పదివేలకి 3.9. జీవితకాలం మొత్తానికి వాళ్ళు వేసిన అంచనా దాతలకి పదివేలకి 90, ఆరోగ్యవంతులకి 14, ఏ జల్లెడా పట్టని మామూలు జనానికి 326. నార్వేలో 1,901 మంది దాతల్ని చూస్తే తొమ్మిదిమందికి కిడ్నీ ఫెయిలైంది, లెక్కేస్తే ఇవ్వని ఆరోగ్యవంతుల కంటే రిస్క్ దాదాపు 11 రెట్లు.

ఇప్పుడు ఈ అంకెల్ని ఎలా చెబుతారన్నది మీ చేతుల్లో ఉంది. "ఎనిమిది రెట్లు" అంటే వినేవాడి గుండె జారిపోతుంది. "పదివేలమందిలో ముప్ఫై మంది" అంటే, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది. రెండూ ఒకే అధ్యయనంలోవే, రెండూ నిజాలే. రెంటినీ పక్కపక్కన పెట్టి చెప్పండి, మేము అర్థం చేసుకోగలం. మొదటిది దాచి రెండోది చెప్పినా, మామూలు జనంతో మూడో పోలిక పట్టుకొచ్చి మొదటి రెండూ మింగేసినా, అది కౌన్సెలింగ్ అనిపించుకోదు.

వయసు విషయం ఇంకా తిరకాసు. దాత కోసం ఇంట్లో వెతుకులాట మొదలయ్యాక అందరి చూపూ చిన్నవాళ్ళ మీదికే పోతుంది. "వయసులో ఉన్నాడు, తట్టుకుంటాడు, పెద్దావిడనెందుకు ఇబ్బంది పెట్టడం" అంటారు. ఆపరేషన్ తట్టుకోవడం వరకే అయితే సరే. కానీ కిడ్నీ ముందున్న ప్రయాణం చూస్తే లెక్క పూర్తిగా తిరగబడుతుంది. అరవై ఏళ్ళ మనిషికి అన్ని టెస్టులూ నార్మల్ వచ్చాయంటే, రావాల్సిన షుగర్, బీపీ ఈపాటికి చాలావరకు వచ్చేసి ఉండాలి, రాలేదు, పైగా ఆ ఒక్క కిడ్నీ మోయాల్సింది పాతికేళ్ళో ముప్ఫై ఏళ్ళో. పాతికేళ్ళ కుర్రాడికి అవే టెస్టులు నార్మల్ వస్తే, ఇంకా ఏమీ రాలేదని మాత్రమే అర్థం. వాడి ముందు అరవై ఏళ్ళున్నాయి. మన చేతిలో ఉన్న గట్టి లెక్కలేమో పదిహేనేళ్ళవి. దాతల్లో తొలి ఏళ్ళలో కిడ్నీ చెడిపోతే దానికి ఎక్కువగా కిడ్నీలో పుట్టిన జబ్బులు కారణమని, బాగా తర్వాత చెడిపోతే షుగర్, బీపీ కారణమని చూశారు, అంటే అసలు పరీక్ష మొదలయ్యేది మీరు మమ్మల్ని మర్చిపోయిన తర్వాతే.

చరిత్రలో విజయవంతమైన మొదటి కిడ్నీ మార్పిడిలో దాత సంగతే చూడండి. 1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ మర్రే బృందం రోనాల్డ్ హెరిక్ కిడ్నీ తీసి అతని కవల సోదరుడు రిచర్డ్‌కి పెట్టింది. రిచర్డ్ ఎనిమిదేళ్ళు బతికాడు. మర్రేకి 1990లో నోబెల్ వచ్చింది. కిడ్నీ ఇచ్చిన రోనాల్డ్ 2010 చివర్లో, 79వ ఏట పోయాడు. అంటే తీసుకున్నవాడి కథ ఎనిమిదేళ్ళు, ఇచ్చినవాడి కథ 56 ఏళ్ళు. మీ రికార్డుల్లో ఏ కథకి ఎన్ని పేజీలున్నాయో మీరే చూసుకోండి.

వయసు చూసి, బీపీ చూసి, బరువు చూసి, సిగరెట్ అలవాటు చూసి ఒక్కో మనిషికి విడిగా రిస్క్ అంచనా వేసే పద్ధతి కూడా వచ్చింది. 2016లో దాదాపు 50 లక్షల మంది వివరాలతో దాన్ని తయారుచేశారు. అంతా కచ్చితంగా చెప్పేస్తుందని కాదు, ఏ అంచనాకైనా దాని హద్దులు దానికుంటాయి. కానీ అందరికీ ఒకే పాంప్లెట్ చేతిలో పెట్టి పంపడం కంటే నయమే కదా.

రక్తసంబంధం గురించి కూడా ఒక మాట. నార్వే లెక్కలో కిడ్నీ ఫెయిలైన ఆ తొమ్మిదిమంది దాతలూ తీసుకున్నవాళ్ళకి రక్తసంబంధీకులే. మా తమ్ముడికి కిడ్నీ ఎందుకు పోయిందో చివరిదాకా తేలలేదు, వాడు మీ దగ్గరికి వచ్చేసరికే రెండు కిడ్నీలూ ముడుచుకుపోయి ఉన్నాయి. అలాంటప్పుడు అదే జబ్బు నాలో కూడా దాక్కుని ఉండొచ్చు కదా అని నేను అడగాలా, మీరు చెప్పాలా? మీరు చెప్పి ఉంటే బాగుండేది. తమ్ముడి జబ్బుకి కారణం తెలియని అక్కకి, స్నేహితుడికి ఇచ్చిన మనిషికి ఒకే ఫాలోఅప్ సరిపోదు.

ఇక ల్యాబ్ రిపోర్టుల బాధ. దాతలు ఇద్దరు కలిస్తే మొదట మాట్లాడుకునేది దీని గురించే. ఏదో ఆఫీసు హెల్త్ చెకప్‌లో రక్తం ఇస్తాం, రిపోర్టులో క్రియాటినిన్ 1.3 అని, పక్కన పైకి బాణం గుర్తు, కింద ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ వడపోత ఎంతుందో లెక్కగట్టిన అంకె) 58 అని లావు అక్షరాల్లో వస్తుంది. దాన్ని చూసిన కొత్త డాక్టర్ "మీకు కిడ్నీ జబ్బు ఉంది, స్టేజ్ మూడు" అంటాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఒక కిడ్నీ ఇచ్చేసిన మనిషికి, యూరిన్‌లో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోకుండా, ఏళ్ళ తరబడి 58 దగ్గరే కదలకుండా ఉంటే అది భయపడాల్సిన విషయం కాదని చెప్పేవాళ్ళు పక్కన ఉండరు. ఇన్సూరెన్స్ ఫారం నింపేటప్పుడు ఆ స్టేజ్ మూడు మళ్ళీ ఎదురొస్తుంది.

దీనికి తలకిందులుగా జరిగేది ఇంకా ప్రమాదం. ఒక చిన్న ఒళ్ళు మనిషి, కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ కూడా తక్కువే. ఇవ్వకముందు క్రియాటినిన్ 0.6, ఇచ్చాక 0.8 దగ్గర ఆగింది. కొన్నేళ్ళకి 1.1 అయింది. ల్యాబ్ లెక్కలో అది నార్మలే, బాణం గుర్తు రాదు, ఎవరూ తల ఎత్తి చూడరు. ఆమె కిడ్నీ మాత్రం జారిపోతోంది. దాతకి ల్యాబ్ వాళ్ళు అచ్చేసిన రేంజ్ కాదు కావాల్సింది, తన సొంత పాత అంకె. ఇవ్వకముందు ఎంత, ఇచ్చిన ఏడాదికి ఎక్కడ నిలబడింది, ఇప్పుడు ఎంత. ఈ మూడూ పక్కపక్కన లేకపోతే ఎంత పెద్ద నెఫ్రాలజిస్టు అయినా ఊహించాల్సిందే. కాబట్టి నా మొదటి కోరిక చాలా చిన్నది. డిశ్చార్జ్ రోజున ఇచ్చే కాగితాల్లో "కుడి కిడ్నీ తీశాం, ఎడమ కిడ్నీ తీశాం" అన్న ఆపరేషన్ వివరాలతో ఆపేయకుండా, పర్సులో పట్టే కార్డు ఒకటి ఇవ్వండి. దాని మీద ఈమె కిడ్నీ దాత అని, ఇవ్వకముందు క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్, బీపీ, యూరిన్ అల్బుమిన్ ఎంతో రాయండి, ఏడాది తర్వాత అంకెలు నింపడానికి ఖాళీ వదలండి. ఆ ఖాళీ నింపడానికైనా మమ్మల్ని మళ్ళీ పిలుస్తారు.

ఆ కార్డు వెనక్కి తిప్పితే నాలుగు జాగ్రత్తలు రాయొచ్చు. ఒళ్ళునొప్పులకి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దు, వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గిపోకుండా చూసుకోవాలి, మందు ఎక్కించి స్కాన్ తీసేముందు దాతనని చెప్పాలి, బరువు, సిగరెట్ విషయంలో మిగతావాళ్ళకున్న వెసులుబాటు మనకి లేదు. ఇవి మీకు తెలియనివి కావు. మందుల షాపులో నిలబడి మోకాలి నొప్పికి మాత్ర అడిగే దాతకి తెలియవు, అదీ సమస్య.

గర్భం గురించి కూడా ముందే చెప్పాలి, ముఖ్యంగా ఇంకా పిల్లలు కనాలనుకునే ఆడవాళ్ళకి, ఎందుకంటే చాలాచోట్ల దాతల్లో ఆడవాళ్ళే ఎక్కువ. 2015లో కెనడాలోని ఒంటారియో నుంచి వచ్చిన అధ్యయనంలో, గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరగడం లేదా ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీతో పాటు మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు) దాతల్లో 11 శాతం గర్భాల్లో, ఇవ్వనివాళ్ళలో 5 శాతం గర్భాల్లో కనిపించింది. నెలలు నిండకుండా పుట్టడం, తక్కువ బరువుతో పుట్టడం లాంటివాటిలో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. అంటే ఇది భయపెట్టి ఆపేయాల్సిన విషయం కాదు, గైనకాలజిస్టుకి మొదటి విజిట్‌లోనే చెప్పి బీపీని దగ్గరగా చూసుకోవాల్సిన విషయం. కానీ ఆ అమ్మాయికి ఇది తెలియాల్సింది కిడ్నీ ఇవ్వకముందు, ఆరో నెలలో కాళ్ళు వాచినప్పుడు కాదు.

ఫాలోఅప్ ఎన్నాళ్ళు అన్నదానికి వస్తే, 2017లో వచ్చిన కేడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ నిపుణుల సంస్థ మార్గదర్శకాలు కనీసం ఏడాదికోసారి చూడమన్నాయి. ఏం చూడాలో కూడా చెప్పాయి: బీపీ, బరువు, క్రియాటినిన్‌తో ఈజీఎఫ్ఆర్, యూరిన్‌లో అల్బుమిన్, అలవాట్లు, మనసు ఎలా ఉంది అన్నది. ఇందులో ఖరీదైన యంత్రం ఒక్కటి కూడా లేదు. అమెరికాలో అయితే ఆసుపత్రులు ఆరు నెలలకి, ఏడాదికి, రెండేళ్ళకి దాత వివరాలు తప్పనిసరిగా పంపాలన్న నిబంధన ఉంది. రెండేళ్ళు! అరవై ఏళ్ళ ప్రయాణంలో రెండేళ్ళు. అదే ఒక పెద్ద సంస్కరణలా చెప్పుకోవాల్సి రావడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మనసు ఎలా ఉంది అన్నది కూడా ఆ జాబితాలో ఉందని గమనించండి. పెట్టిన కిడ్నీ ఫెయిలైతే, తీసుకున్నవాళ్ళ చుట్టూ అందరూ చేరతారు. ఇచ్చినవాళ్ళు ఒక మూల కూర్చుని ఉంటారు, వాళ్ళదీ ఒక నష్టమేనని ఎవరికీ తట్టదు.

"పిలిస్తే మీరే రారు" అని మీరంటారు, అందులో నిజం లేకపోలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సెలవు పెట్టి, సొంత డబ్బు పెట్టుకుని, ఆసుపత్రి లైన్లో నిలబడమంటే ఎందుకు వస్తాడు? దాత తమ్ముడితోనో భర్తతోనో ఎలాగూ వచ్చే రోజే ఆ రక్తం, మూత్రం టెస్టులు రెండూ చేసేయండి. దూరంగా ఉన్నవాళ్ళకి దగ్గర్లోని ల్యాబ్‌లో చేయించుకుని రిపోర్టు ఫోన్‌లో పంపమనండి. దాత టెస్టుల ఖర్చు దాత మీద వేయకండి, ట్రాన్స్‌ప్లాంట్ ఖర్చులోనే అది మొదటినుంచీ ఉండాలి. ఏడాదికో మెసేజ్ పంపడానికి కోఆర్డినేటర్‌కి ఎంత సమయం పడుతుంది? మమ్మల్ని టెస్టులకి రప్పించినప్పుడు మీరు ఇంటికి ఎన్నిసార్లు ఫోన్ చేశారో మాకు గుర్తుంది.

"ఇవన్నీ చెబితే దాతలు దొరకరు" అనే మాట కూడా విన్నాను, తలుపు పక్కన నిలబడి విన్నాను. అలా అనుకోవడం మమ్మల్ని తక్కువ చేయడమే. మాలో చాలామంది మీ గదిలోకి అడుగుపెట్టేసరికే ఇవ్వాలని నిర్ణయించుకుని ఉంటాం, మీరు చెప్పే రిస్కు విని వెనక్కి వెళ్ళేవాళ్ళు కొందరుంటే వాళ్ళు వెళ్ళాల్సినవాళ్ళే. అన్నీ తెలిసి ఇచ్చిన మనిషి తర్వాత జాగ్రత్తగా ఉంటాడు. ఏమీ తెలియక ఇచ్చిన మనిషి ఏ అర్ధరాత్రో ఫోన్లో "ఎనిమిది రెట్లు" అని చదివి, తననెవరో మోసం చేశారనుకుంటాడు, ఆ కోపం పదిమందికి చెబుతాడు. దాతలు తగ్గేది అప్పుడు.

దాత కిడ్నీయే ఫెయిలైతే, కిడ్నీ కోసం ఎదురుచూసే జాబితాలో వాళ్ళకి ముందు స్థానం ఇచ్చే పద్ధతి అమెరికాలో 1996 నుంచి ఉంది. అంటే ఇలా జరగొచ్చని ఒప్పుకుని, దానికి ఒక దారి ముందే వేసి పెట్టారన్నమాట. మీ దగ్గర అలాంటి ఏర్పాటు ఉందో లేదో సంతకం పెట్టే కాగితంలోనే రాయండి. లేకపోతే లేదని రాయండి.

వచ్చే నెల నా క్రియాటినిన్, యూరిన్ టెస్టులు నేనే చేయించుకుంటున్నాను, బీపీ ఇంట్లోనే రాసి పెడుతున్నాను. ఎవరూ అడగకపోయినా ఆ కాగితాలు మీకు పంపుతాను. తమ్ముడి ఫైల్లో పెట్టకండి, నా పేరుతో నా ఫైల్లో పెట్టండి. ఏ నంబర్‌కి, ఎవరి పేరు మీద పంపాలో మాత్రం చెప్పండి.

ఇట్లు,
ఒక కిడ్నీ దాత